మంటలార్పే విద్యకు దరఖాస్తు

మంటను ఆర్పడం ఒక విద్య. ఆ విద్యకు ఒక బడి ఉండాలి. ఆ బడిలో చేరగోరేవారు దరఖాస్తు పెట్టుకోవాలి. చదువు ఖర్చు సర్కారు భరించాలి. నేటి యువకులకు ఈ మాటలలో వింత ఏమీ కనిపించదు. ధ్రువపత్రాల నకళ్ళ మీద సంతకాల కొరకు మా విద్యార్థులు తెచ్చే కాగితాల కట్టలో పోలీసు ఉద్యోగం దరఖాస్తుతోపాటు అగ్నిమాపక శాఖ దరఖాస్తు కూడా ఉంటూనే ఉంటుంది. కాని ఈ నాలుగు మాటలూ ఒకనాడు ఒకచోట పుట్టినవి కావు. ఒక్కొక్కటి స్థిరపడేసరికి ఎక్కడో ఒక నగరం కాలింది, కొందరి ప్రాణాలు పోయాయి. ఆ చరిత్రను స్థూలంగా తెలుపుటే ఈ వ్యాసం ఉద్దేశం.

వేసవిలో మన పల్లెలలో తాటాకు ఇల్లు అంటుకుంటే ఏమి జరిగేదో పెద్దవారందరూ ఎరుగుదురు. ఎవరో కేక వేసేవారు. చేతికి దొరికిన బిందె, కుండ, చేద పట్టుకొని ఊరంతా నూతి వద్దకు పరుగెత్తేది. కొందరు మాత్రం నూతి వైపు పోక, గాలివాలున ఉన్న పక్క ఇంటి మీదికెక్కి, ఇంకా అంటుకోని కప్పును గెడలతో, కొక్కేలతో లాగి కింద పడవేసేవారు. ఆ ఇంటివారు ఏడ్చేవారు. ఐనా ఊరు నిలిచేది. మంటకు మూడు వస్తువులు కావాలి: మండే పదార్థం, ప్రాణవాయువు, తగినంత వేడి. నీరు పోసినవాడు మూడవదాన్ని తీసివేస్తున్నాడు. కప్పు పీకినవాడు మొదటిదాన్ని తీసివేస్తున్నాడు. రసాయన శాస్త్రం చదవకపోయినా వారు చేసినది సరియైన పనే.

1666 సెప్టెంబరులో లండను నగరం కాలినప్పుడు అక్కడివారు చేసినదీ ఇదే. నాలుగు రోజులపాటు మండిన ఆ మంటలో సుమారు 13,200 ఇళ్ళు బూడిదయ్యాయి. కొక్కేలతో ఇళ్ళు పడగొట్టారు. అది చాలక తుపాకిమందు పెట్టి పేల్చి, మంటకు ముందు ఖాళీ జాగా చేశారు. అప్పటికి అక్కడ అగ్నిమాపక దళమంటూ ఏదీ లేదు. ఆ తరువాత పదిహేనేళ్ళలోపే అగ్ని బీమా వ్యాపారం మొదలైంది. ఇల్లు కాలితే డబ్బు చెల్లించవలసిన వ్యాపారి, కాలకుండా చూసుకుంటే లాభమని గ్రహించి, థేమ్సు నదిపై పడవలు నడిపే బలశాలులను కుదుర్చుకొని, వారికి రంగు రంగుల దుస్తులు తొడిగి, మంటలార్పించసాగాడు. వారికి కండబలం ఉన్నది, నీటి పంపు కొట్టగలరు. శిక్షణ మాత్రం లేదు. మంటలార్పడానికి మొదట నిలకడగా డబ్బు పెట్టినవాడు ప్రభువు కాదు, షావుకారు. ఈ సంగతి గుర్తుంచుకుంటే తరువాతి కథ సులభంగా బోధపడుతుంది.

మంటలార్పడం నేర్పవలసిన విద్య అని మొదట గట్టిగా నమ్మి, ఆచరణలో పెట్టినవాడు జేమ్స్ బ్రెయిడ్‌వుడ్. ఇతడు స్కాట్లండులోని ఎడింబరో నగరవాసి, 1800లో పుట్టాడు. తండ్రి కలప పనివాడు, గృహనిర్మాత. ఆ నగరంలో వరుసగా అగ్నిప్రమాదాలు జరుగగా, 1824లో నగరపాలకులు, బీమా కంపెనీలు కలిసి ఖర్చు పంచుకొని ఒక దళాన్ని స్థాపించి, యువకుడైన బ్రెయిడ్‌వుడ్‌ను దానికి అధిపతిని చేశారు. అతడు ఉద్యోగంలో చేరిన కొద్ది వారాలకే, ఆ నవంబరులో, నగరం నడిబొడ్డున పెద్ద మంట లేచి రోజుల తరబడి చెలరేగింది. దళానికి అప్పటికి తరిఫీదు పూర్తికాలేదు. ఎవరి ఆజ్ఞ ఎవరు పాటించాలో తెలియలేదు. పెద్దమనుషులు తలకొక ఉత్తరువు ఇచ్చారు. చాలా నష్టం జరిగింది. ఐతే ఆ నష్టంవల్ల ఒక మేలు కలిగింది: ఇకమీదట మంట దగ్గర ఒక్కరి మాటే చెల్లాలని నగరం ఒప్పుకొన్నది.

బ్రెయిడ్‌వుడ్ తన దళంలోకి ఎవరిని తీసుకొన్నాడు? ఇక్కడే అతని తెలివి కనబడుతుంది. అతడు వడ్రంగులను, తాపీ పనివారిని, ఇంటికప్పు పలకలు పరిచేవారిని, కమ్మరులను, నీటిగొట్టాల పనివారిని ఏరుకొన్నాడు. ఇల్లు కట్టినవాడికి ఇల్లు ఎటు కూలుతుందో తెలుసు. ఏ దూలం ఏ గోడమీద ఆనుతుందో, కాలిన అంతస్తు ఎంత బరువు ఆపుతుందో వడ్రంగికి చెప్పనక్కరలేదు. పలకల కప్పుమీద నడవడం అలవాటైనవాడికి ఎత్తు అంటే భయం లేదు. వయస్సు కూడా పదిహేడు ఇరవైఐదుల మధ్య ఉండాలన్నాడు. ఆ వయస్సులోనే శరీరం, మనస్సు కొత్త అలవాటును పట్టుకుంటాయని అతని అభిప్రాయం. అగ్నిమాపక శిక్షణకు అర్హతలు ఇవి అని ఒకరు ఆలోచించి నిర్ణయించడం ఇదే మొదలని చెప్పవచ్చు. నేటి దరఖాస్తు ఫారములో వయస్సు, ఎత్తు, ఛాతి కొలత అడిగే గడులకు మూలపురుషుడు ఇతడే.

తెల్లవారకముందే, చీకటిలోనే తన మనుషులకు సాధన చేయించేవాడు. మంటలు ఎక్కువగా రాత్రిళ్ళే గదా లేచేవి! ఎడింబరో వీధులు ఇరుకు. కొండవాలున మెట్లు మెట్లుగా ఉంటాయి. అంతస్తుమీద అంతస్తుగా ఎత్తైన ఇళ్ళు. వీధిలో నిలబడి కిటికీలోకి నీరు చిమ్మితే నీరు గోడకు తగులుతుందే తప్ప మంట మూలానికి చేరదు. అందుచేత లోపలికి ప్రవేశించి, మంట పుట్టినచోట నీరు కొట్టాలన్నది అతని మూలసూత్రం. దీనికి శాస్త్రబలం కూడా ఉన్నది. ఒక కిలో నీరు ఆవిరిగా మారడానికి సుమారు 2,260 కిలోజౌళ్ళ వేడిని తీసుకుంటుంది. మరిగేదాకా కాగడానికి పట్టే వేడికంటె ఇది ఎన్నో రెట్లు. మండుతున్న వస్తువుమీద పడి ఆవిరైన నీరే తన పూర్తి పని చేసినట్లు. గోడలమీదుగా కారిపోయిన నీరు నష్టమే. 1830లో అతడు పంపుల నిర్మాణం గురించి, అగ్నిమాపకుల శిక్షణ గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. ఈ వృత్తికి పాఠ్యపుస్తకం వచ్చింది.

1833లో లండను బీమా కంపెనీలు తమ దళాలను ఏకంచేసి బ్రెయిడ్‌వుడ్‌ను పిలిపించుకొన్నాయి. ఆ మహానగరానికంతకు అతని దళమే దిక్కు; దాని ఖర్చంతా బీమా కంపెనీలది. 1861 జూన్ 22న టూలీ వీధి గిడ్డంగులు అంటుకొన్నాయి. జనపనార, పత్తి, కొవ్వు, పంచదార, అన్నీ బాగా మండే సరుకులే. బ్రెయిడ్‌వుడ్ తన మనుషులను హెచ్చరిస్తూ తిరుగుతుండగా గోడ కూలి మీదపడి మరణించాడు. మంట పూర్తిగా చల్లారడానికి రెండు వారాలు పట్టింది. కట్టవలసిన బీమా సొమ్ము చూసి కంపెనీల గుండె జారింది. ఈ భారం ఇక మావల్ల కాదని అవి ప్రభుత్వానికి చెప్పుకొన్నాయి. పార్లమెంటు 1865లో శాసనం చేసింది. 1866 జనవరి 1 నుండి లండను అగ్నిమాపక దళం ప్రజల పన్ను డబ్బుతో నడిచే సంస్థ అయింది. షావుకారు తప్పుకొన్నాడు, సర్కారు వచ్చింది. దయచేత రాలేదు, లెక్కలు తప్పినందున రావలసివచ్చింది. కొత్త అధిపతి మాసీ షా నావికులనే ఎక్కువగా చేర్చుకొన్నాడు. తాళ్ళమీద ఎక్కడం, రాత్రింబగళ్ళు కాపలా ఉండడం, మారుమాటాడక ఆజ్ఞ పాలించడం వారికి అలవాటు. గురువు వడ్రంగి తెలివిని కోరుకుంటే శిష్యస్థానంలో వచ్చినవాడు నావికుని క్రమశిక్షణను కోరుకొన్నాడు. నా మట్టుకు బ్రెయిడ్‌వుడ్ ఎంపికే సబబనిపిస్తుంది.

ఈ లోకజ్ఞానమంతా ఒక్కొక్క నగరానికి పరిమితమై ఉండేది. దేశమంతటికీ ఒకే రకం శిక్షణ అన్న భావం రెండవ ప్రపంచయుద్ధంలో వచ్చింది. 1940–41లో జర్మను విమానాలు ఆంగ్ల నగరాలమీద నిప్పుబాంబులు కురిపించినప్పుడు ఒక ఊరి దళం మరొక ఊరికి సాయం వెళ్ళితే గొట్టాల అతుకులు కుదరలేదు, ఆజ్ఞల మాటలు కుదరలేదు. 1941 ఆగస్టులో 1,600కు పైగా ఉన్న దళాలను కలిపి ఒక జాతీయ దళం చేశారు. బ్రైటన్ సమీపంలో సాల్ట్‌డీన్ అన్నచోట ఒక సముద్రతీరపు హోటలును తీసుకొని అధికారులకు కళాశాల పెట్టారు. యుద్ధం మన తీరానికీ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. వైమానిక దాడులనుండి రక్షణ కొరకు ఏర్పడిన ఎ.ఆర్.పి. దళాలు ఇసుక బకెట్లతో, చేతిపంపులతో మన పట్టణాలలో కూడా అభ్యాసాలు చేసినది ఆ రోజులలోనే. ఐనా మన దేశాన్ని నిజంగా మేల్కొలిపినది శత్రువు బాంబు కాదు. అది బొంబాయి రేవులో మన వైపు ఓడలోనే పుట్టిన నిప్పు.

ఫోర్ట్ స్టైకిన్ అనే సరుకు ఓడ 1944 ఫిబ్రవరిలో ఇంగ్లండులో బయలుదేరి, కరాచీ మీదుగా ఏప్రిల్ 12న బొంబాయి చేరింది. అందులో సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలున్నాయి. కరాచీలో వేలకొలది పత్తి బేళ్ళు, ఇంకా నూనె పీపాలు, కలప, గంధకం మొదలైనవి ఎక్కించారు. 124 బంగారు కడ్డీలు కూడా ఉన్నాయి. ఏప్రిల్ 14వ తేదీ మధ్యాహ్నం రెండవ నంబరు సరుకు గదినుండి పొగ రావడం చూశారు. అగ్నిమాపక దళం వచ్చింది. గొట్టాలు దింపి నీరు కొట్టడం మొదలుపెట్టారు. పొగ దట్టంగా ఉండడంచేత మంట ఎక్కడ ఉన్నదో కనిపించలేదు. 900 టన్నులకు పైగా నీరు పంపారు. ఓడలో నీరు సలసల కాగుతున్నది.

విద్యార్థులు ఈ ఘట్టాన్ని జాగ్రత్తగా ఆలోచించవలసి ఉన్నది. బిగించి కట్టిన పత్తి బేలులో నూలుపోగుల సందులలో గాలి చిక్కుకొని ఉంటుంది. అందువలన పత్తి బయటి గాలి అందకపోయినా లోలోపల నెమ్మదిగా కుములుతూ ఉంటుంది. పైన పోసిన నీరు బేలు లోపలికి త్వరగా ఇంకదు. అంతేకాదు, గదిలో నీటిమట్టం పెరిగినకొద్దీ కాలుతున్న బేళ్ళు తేలి పైకి లేచాయి. వాటి పై అంతస్తులోనే పేలుడు పదార్థాలు! మంటనార్పడానికి పోసిన నీరే నిప్పును మందుగుండు వద్దకు ఎత్తింది. గదిని మూసి గాలి అందకుండా చేయాలా, ఓడను నిలిచినచోటనే ముంచాలా, సముద్రంలోకి లాగించాలా అని రేవు అధికారులు, సైనికాధికారులు, దళాధికారులు తర్కించుకొన్నారు. అందరిమీదా ఆజ్ఞ చెల్లించగల ఒక్కడు లేడు. ఎడింబరోలో నూట ఇరవై ఏళ్ళ క్రితం నేర్చుకొన్న పాఠం బొంబాయి రేవులో మళ్ళీ మొదటికి వచ్చింది.

సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకు ఓడ పేలింది. అరగంట లోపల మరొక పేలుడు, మొదటిదానికంటె పెద్దది. సుమారు వేయి మైళ్ళ దూరాన సిమ్లాలో ఉన్న భూకంప లేఖిని కూడా ఆ అదురును నమోదుచేసింది. పక్కనున్న ఓడలు, గోదాములు, ఇళ్ళు అంటుకొన్నాయి. చనిపోయినవారి లెక్క ఇదమిత్థమని తేలలేదు. ఎనిమిది వందలనుండి పదమూడు వందలవరకు అని అంచనాలున్నాయి. వారిలో అగ్నిమాపక దళంవారు 66 మంది. బంగారు కడ్డీ ఒకటి గాలిలో ఎగిరి దూరాన ఒక ఇంటి కప్పును చీల్చుకొని పడిన కథను బొంబాయిలో నేటికీ చెప్పుకొంటారు. గొట్టం చేతపట్టుకొని ఓడమీద నిలిచినవారి కథ అంతగా చెప్పుకోరు. మన దేశంలో ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవం జరిపేది వారి స్మృతికే.

ఇది మన దేశపు వెనుకబాటుతనం వలన జరిగిందని ఎవరైనా అంటే వారికి టెక్సాస్ సిటీ సంగతి చెప్పాలి. సరిగా మూడేళ్ళకు, 1947 ఏప్రిల్ 16న, అమెరికాలోని ఆ రేవులో గ్రాండ్‌కాంప్ అనే ఓడ అంటుకొన్నది. అందులో ఉన్నది ఎరువుగా వాడే అమ్మోనియం నైట్రేటు, సుమారు 2,300 టన్నులు. నీరు పోస్తే సరుకు పాడవుతుందని తలుపులు మూయించి లోపలికి ఆవిరి పంపించారు. మామూలు సరుకైతే ఆవిరి గాలిని తోసివేసి మంటను చంపుతుంది. కాని నైట్రేటు అణువులోనే ప్రాణవాయువు ఇమిడి ఉన్నది. దానికి బయటి గాలితో పని లేదు. ఆవిరి చేసిన పనల్లా దానిని ఇంకా కాచడమే. ఓడ పేలింది. ఆ ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో 28 మంది ఉంటే 27 మంది ఆ ఒక్క క్షణంలో పోయారు. బొంబాయిలోగాని, టెక్సాస్ సిటీలోగాని ధైర్యానికి లోటు రాలేదు. కాలుతున్న వస్తువు స్వభావం ఏమిటన్న ప్రశ్నకు జవాబు లేకపోయింది. వాహనం, గొట్టం, నిచ్చెన ఏ నగరమైనా కొనుక్కోగలదు. ఈ జవాబును నేర్పే ప్రయోగశాలను, ఉపాధ్యాయులను ఒక్కొక్క మునిసిపాలిటీ తనకు తానుగా పోషించలేదు. అగ్నిమాపక శిక్షణకు జాతీయ ప్రభుత్వం డబ్బు పెట్టడానికి బలమైన కారణం ఇదే.

స్వతంత్రం వచ్చిన పిమ్మట భారత ప్రభుత్వ హోం శాఖ 1950లో నిపుణుల సంఘాన్ని నియమించింది. 1955లో స్థాయీ అగ్నిమాపక సలహా సంఘం ఏర్పడింది. దాని సిఫారసుపై 1956లో ఉత్తరప్రదేశ్‌లోని రాంపూరులో జాతీయ అగ్నిమాపక కళాశాలను స్థాపించి, మరుసటి ఏటనే నాగపూరుకు మార్చారు. దేశానికి నడుమ ఉన్న ఊరు. ఏ రాష్ట్రంనుండైనా రైలులో చేరవచ్చు. అదే 1957లో అదే నాగపూరులో కేంద్ర అత్యవసర సహాయ శిక్షణ సంస్థ కూడా వెలసింది. వరద, తుపాను, భూకంపం వచ్చినప్పుడు ఎవరు ఏమి చేయాలో నేర్పడం దాని పని. 1968లో పౌర రక్షణ చట్టం వచ్చాక దానికి జాతీయ పౌర రక్షణ కళాశాల అని పేరు మారింది. 2018లో అది జాతీయ విపత్తు ప్రతిస్పందన దళంవారి అకాడమీలో కలిసింది. ఒక చోట మంటల విద్య, మరొక చోట తక్కిన ఆపదల విద్య. ఈ రెండూ ఒకే ఊరిలో ఉండి కూడా చాలాకాలం వేర్వేరు దారులలో నడిచాయి.

ఆ కళాశాలలో చేరేదెలా? మొదటినుండీ అక్కడ ముఖ్యమైన పద్ధతి ఏమిటంటే, రాష్ట్రాల అగ్నిమాపక శాఖలు, రేవులు, కర్మాగారాలు తమ ఉద్యోగులను ఎంచి పంపించడం. దరఖాస్తు వ్యక్తిది కాదు, సంస్థది. సబ్ ఆఫీసరు, స్టేషను ఆఫీసరు, డివిజనల్ ఆఫీసరు అని మెట్లు మెట్లుగా తరగతులు. ఈ పద్ధతిలో ఒక మంచి ఉన్నది: నేర్చుకొన్నవాడు తిరిగి తన స్టేషనుకే వెళ్ళి పదిమందికి నేర్పుతాడు. ఒక చెడ్డ కూడా ఉన్నది: పంపేవారెవరూ లేని యువకునికి ద్వారం ఇరుకు. 1978 ప్రాంతంలో అగ్నిమాపక ఇంజనీరింగులో పట్టభద్ర తరగతి మొదలుపెట్టడంతో ఆ ద్వారం కొంత తెరుచుకొన్నది. విజ్ఞానశాస్త్రం చదివిన విద్యార్థి ఎవరి సిఫారసు లేకుండా, ప్రవేశపరీక్ష రాసి, సొంత పేరున దరఖాస్తు పెట్టుకొనే అవకాశం వచ్చింది.

అమెరికాలో ఇదే పని ఆలస్యంగా, కాని ఉదారంగా జరిగింది. అక్కడ అధ్యక్షుడు నియమించిన సంఘం 1973లో ఇచ్చిన నివేదిక, ఏటా సుమారు 12,000 మంది మంటలలో చనిపోతున్నారని అంచనా వేసి, జాతీయ అకాడమీ కావాలన్నది. 1974లో శాసనం, 1979లో మేరీలాండ్ రాష్ట్రంలో ఎమిట్స్‌బర్గ్ వద్ద మూతపడిన ఒక మహిళా కళాశాల ఆవరణ కొనుగోలు జరిగాయి. అక్కడి దళాలలో అధిక భాగం జీతంలేని స్వచ్ఛంద సేవకులే. సొంత పని మానుకొని వచ్చేవాడినుండి జీతమెలా వసూలు చేస్తారు? అందుకని బోధన రుసుము లేకుండా, ప్రయాణఖర్చులో కొంత సర్కారే ఇచ్చే పద్ధతి పెట్టారు.

మన తెలుగునాట ఈ విద్య అవసరాన్ని కళ్ళకు కట్టినట్లు చూపినది 1997 సెప్టెంబరు 14. ఆనాడు తెల్లవారుజామున విశాఖపట్నం చమురుశుద్ధి కర్మాగారంలో వంటగ్యాసు కారి అంటుకొన్నది. అరవైమంది వరకు మరణించారు. ఈ వాయువు గాలికంటె ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువు. పొగలా పైకి పోదు; నీటిలా పల్లం వెదుక్కుంటూ నేలమీద పాకుతుంది. కారినచోటికి ఎంతో దూరంలో ఒక చిన్న నిప్పురవ్వ ఉన్నా చాలు, మంట వెనుకకు పరుగెత్తి వస్తుంది. మంట ఆర్పడంకంటె పక్కనున్న గోళాకారపు ట్యాంకులను నీటితో చల్లబరచడం ముఖ్యం. లేకుంటే లోపలి ద్రవం మరిగి ట్యాంకు పగులుతుంది. ఇవి అప్పటికప్పుడు తోచే విషయాలు కావు.

2020 మే 7న అదే నగరం శివారులో స్టైరీను ఆవిరి వ్యాపించి పన్నెండుమంది చనిపోయినప్పుడు మంటే లేదు. స్టైరీను అణువులు తమలో తాము గొలుసులుగా కలుస్తూ వేడిని పుట్టిస్తాయి. ఆ వేడి ఆ చర్యను ఇంకా తొందరపెడుతుంది. దానికి మందు నీరు కాదు, ఆ గొలుసును తెంపే మరొక రసాయనం. గుజరాతునుండి విమానంలో దానిని తెప్పించారు. విపత్తు ప్రతిస్పందన దళంలోని రసాయన నిపుణులు కదిలివచ్చారు. ఈ ఆపదను అగ్నిమాపక శాఖ పనియనాలా, మరొక శాఖ పనియనాలా? నాగపూరులో ఏనాడో విడిపోయిన రెండు దారులు ఇక్కడ కలుసుకొన్నాయి. అత్యవసర నిర్వహణ అని నేడు వాడుకలో ఉన్న మాటకు అర్థం ఇదే. నిప్పు, నీరు, గాలి, విషం దేనివల్ల ఆపద వచ్చినా ఆజ్ఞ ఒకచోటనుండి రావాలి, సమాచారం ఒకచోటికి చేరాలి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన నాటికి అట్టి వ్యవస్థ మనకు లేదు. 2005లో విపత్తు నిర్వహణ చట్టం, 2006లో జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం వచ్చాయి.

ఇప్పుడు దరఖాస్తు సంగతికి వద్దాము. ప్రభుత్వ ఖర్చుతో శిక్షణ అన్న మాటకు ఒక్కొక్కచోట ఒక్కొక్క అర్థం ఉన్నది. విద్యార్థులు ఇక్కడే తికమక పడుతున్నారు. మొదటి రకం ఉద్యోగంతో కూడిన శిక్షణ. 2018లో ఆంధ్రప్రదేశ్, 2022లో తెలంగాణ పోలీసు నియామక మండలులు ఇచ్చిన ప్రకటనలలో ఫైర్‌మన్ ఉద్యోగాలు కూడా ఉన్నాయి; ఇంటర్మీడియెట్ చదువు అర్హత; ప్రాథమిక పరీక్ష, దేహదారుఢ్య పరీక్ష, తుది పరీక్ష వరుసగా నెగ్గాలి. ఎంపికైనవారికి శిక్షణ సర్కారు బాధ్యత. తెలంగాణలో ఇట్టి శిక్షణ హైదరాబాదు సమీపాన వట్టినాగులపల్లిలో ఇస్తున్నారు. రెండవది, పైన చెప్పినట్లు ఉద్యోగంలో ఉన్నవారిని సంస్థ పంపించడం. మూడవది స్వచ్ఛంద సేవకులకు ఇచ్చేది. కేంద్రం 2016లో ఆపద మిత్ర అనే పథకాన్ని వరదలు వచ్చే ముప్ఫై జిల్లాలలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2021లో 350 జిల్లాలకు, లక్షమందికి విస్తరించింది. పన్నెండు రోజుల శిక్షణ, ఒక పరికరాల సంచి, బీమా. దీనిలో ఉద్యోగం హామీ లేదు. దరఖాస్తుదారు అది తెలిసి చేరాలి. ఇవేవీ కాక, పట్టణాలలో గోడలమీద ప్రకటనలు అంటించి వేలకు వేలు వసూలుచేసే ప్రైవేటు ఫైర్ అండ్ సేఫ్టీ తరగతులు నాలుగవ రకం. వాటిలో మంచివీ ఉండవచ్చు. ఐతే ఆ సర్టిఫికెట్టు ఏ శాఖ గుర్తిస్తుందో, ఏ నియామక ప్రకటనలో దాని పేరు ఉన్నదో అడిగి తెలుసుకోకుండా రుసుము చెల్లించరాదని మా విద్యార్థులకు నేను చెబుతూ ఉంటాను. ఆ ప్రశ్న వేయడానికి మొహమాటపడేవారే మోసపోతున్నారు.

డబ్బు విషయంలో ఒక చిక్కు ఇంకా తీరలేదు. 1992 నాటి రాజ్యాంగ సవరణతో చేరిన పన్నెండవ షెడ్యూలులో అగ్నిమాపక సేవలు మునిసిపాలిటీల విధులలో ఒకటి. అంటే ఫైరింజను స్థానికం, దళం రాష్ట్రానిది, పై చదువు కేంద్రానిది. మూడు చేతులు పట్టిన పని గనుక ఎవరికి వారు పక్కవారివైపు చూడడం సహజం. 2023లో కేంద్రం రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునీకరణకు 5,000 కోట్ల రూపాయల పథకం ప్రారంభించింది. వాహనాలకు, భవనాలకు ఖర్చు పెట్టడం రాజకీయంగా సులువు, రిబ్బను కత్తిరించవచ్చు. పొగగదిలో కళ్ళు కనబడక తడుముకుంటూ, ఊపిరి పరికరం తొడుక్కొని, తోటివాని భుజం వదలక నడవడం నేర్పే ఆ మూడు నాలుగు నెలలకు రిబ్బను ఉండదు.

ఎవరు దరఖాస్తు పెట్టుకోవచ్చునన్న ప్రశ్న బ్రెయిడ్‌వుడ్ కాలంనుండీ మారుతూ వచ్చింది. వడ్రంగి, నావికుడు, పట్టభద్రుడు అని అర్హతలు మారాయి గాని, స్త్రీ అన్న ఊహ మాత్రం చాలాకాలం రాలేదు. యుద్ధకాలంలో ఇంగ్లండు స్త్రీలు వేలకొలది అగ్నిమాపక దళంలో చేరి టెలిఫోనులు, వాహనాలు నడిపారు. యుద్ధం ముగియగానే ఇళ్ళకు పంపించారు. నాగపూరు కళాశాల స్థాపించిన నలభైఆరేళ్ళవరకు పట్టభద్ర తరగతిలో ఆడపిల్ల లేదు. నిషేధిస్తూ నియమం ఉన్నదా అంటే, అవసరమే పడలేదు. ఎవరూ రారని అందరికీ నమ్మకం. 2002లో నాగపూరు యువతి హర్షిణి కన్హేకర్ ప్రవేశపరీక్ష రాసి, ఎంపికై, ఆ తరగతిలో ఏకైక విద్యార్థినిగా చేరింది. బరువైన తడి గొట్టాలు మోయడం, నిచ్చెనలెక్కడం తోటి విద్యార్థులతో సమానంగా చేసింది. చదువు ముగించి 2006లో చమురు, సహజవాయు సంస్థలో అగ్నిమాపక ఇంజనీరుగా ఉద్యోగంలో ప్రవేశించింది.